అలసిన మెదడుకు తన అలసట తెలియదు

విమానం తీసే ముందు పైలట్ ఇంధనం, ఇంజిన్, వాతావరణం చూసుకుంటాడని అందరికీ తెలుసు. అతడు చూసుకోవాల్సింది ఇంకొకటి కూడా ఉంది. అది తన ఒళ్లు, తన మనసు. అమెరికాలో పౌర విమానయానాన్ని నియంత్రించే ఎఫ్ఏఏ, పైలట్లకు 'ఐ యామ్ సేఫ్' అనే చెక్‌లిస్ట్ ఒకటి నేర్పిస్తుంది. ఒంట్లో బాగాలేదా? మందులేమైనా వేసుకున్నావా? ఒత్తిడిలో ఉన్నావా? మద్యం తాగావా? అలసిపోయావా? మనసు కుదురుగా ఉందా? వీటిలో ఏ ఒక్కటి తేడాగా అనిపించినా విమానం తీసే ముందు ఆగి ఆలోచించుకోవాలి. వేల గంటలు ఎగిరిన అనుభవం ఉన్నవాళ్లకూ ఇందులో మినహాయింపు లేదు.

ఉద్యోగం మానేసేటప్పుడో, పెద్ద అప్పు మీద సంతకం పెట్టేటప్పుడో, ఒక బంధాన్ని తెంచుకునేటప్పుడో మిగతా జనం ఈ ప్రశ్నలు వేసుకోరు. నిర్ణయం బెడిసికొట్టాక మాత్రం తీర్పులు చకచకా వచ్చేస్తాయి. తెలివి లేదంటారు, తొందరపాటు అంటారు, ముందూ వెనకా చూసుకోలేదంటారు. ముందురోజు రాత్రి ఎంతసేపు నిద్రపోయాడని, ఎన్నాళ్లుగా ఏ దిగులు మోస్తున్నాడని అడిగేవాళ్లు అరుదు. మంచి నిర్ణయానికి సమాచారం కావాలి, తెలివి కావాలి, అనుభవం కావాలి. నిజమే. ఆ మూడింటినీ వాడాల్సిన మెదడు ఆ పూట ఏ స్థితిలో ఉందన్నది కూడా వాటికి తీసిపోని విషయం. ఎన్నో దశాబ్దాల పరిశోధన చెబుతున్నది ఇదే.

శరీరం బరువులో మెదడు వాటా 2 శాతం మాత్రమే. ఒళ్లు విశ్రాంతిగా ఉన్నప్పుడు ఖర్చయ్యే శక్తిలో మాత్రం దాదాపు 20 శాతం అదే తీసుకుంటుంది. అందులో నుదుటి వెనక ఉండే ప్రీఫ్రంటల్ కార్టెక్స్‌ది సున్నితమైన పని. ఇప్పటి లాభాన్ని రేపటి నష్టంతో పోల్చి చూడటం, నోటిదాకా వచ్చిన మాటను ఆపుకోవడం, నాలుగైదు విషయాలను ఒకేసారి గుర్తుంచుకుని తూచడం దాని బాధ్యత. నిద్ర తగ్గినా, ఒత్తిడి పెరిగినా ముందుగా దెబ్బతినే భాగాల్లో అదొకటి. భయాన్ని, ముప్పును పసిగట్టే అమిగ్డలా అంత తేలిగ్గా నెమ్మదించదు. అందుకే ఒంట్లో ఓపిక అయిపోయిన మనిషికి ఆలోచన మందగిస్తుంది కానీ ఆవేశం మందగించదు.

నిద్ర గురించి కాస్త వివరంగా చెప్పుకోవాలి. ఈ విషయంలో దొరికినంత గట్టి ఆధారాలు మిగతావాటికి లేవు. 1997లో డాసన్, రీడ్ అనే ఇద్దరు పరిశోధకులు నిద్ర లేకపోవడాన్ని మద్యం మత్తుతో నేరుగా పోల్చి చూశారు. ఏకధాటిగా 17 గంటలు మేలుకొని ఉన్నవారి పనితీరు, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవారి స్థాయికి పడిపోయింది. 24 గంటలు దాటేసరికి అది 0.10 శాతంతో సమానమైంది. చాలా దేశాల్లో 0.05 శాతం దాటితే బండి నడపనివ్వరు. పొద్దున 6కి లేచిన మనిషికి 17 గంటలు నిండేది రాత్రి 11కి. అంటే ఇందులో అసాధారణం ఏమీ లేదు, ఎందరో రోజూ దాటే గడువే అది. 'పడుకునే ముందు ఈ సంగతేదో తేల్చేద్దాం' అనుకుని మొదలుపెట్టే మాటలు ఎక్కువగా నడిచేది కూడా ఆ వేళకే.

2003లో వచ్చిన మరో అధ్యయనం ఇంతకన్నా కలవరపెట్టేది. ఆరోగ్యంగా ఉన్న 48 మందిని ఎంచుకుని కొందరిని రోజుకు 8 గంటలు, కొందరిని 6 గంటలు, కొందరిని 4 గంటలు మాత్రమే పడుకోనిచ్చారు. ఇలా 14 రోజులు సాగింది. 6 గంటలు పడుకున్నవారి పనితీరు రోజురోజుకీ దిగజారుతూ పోయింది. రెండు వారాలు పూర్తయ్యేసరికి, రాత్రంతా అసలు నిద్రే పోనివారితో పోల్చాల్సిన స్థితికి వచ్చింది. అయితే 'మీకెలా ఉంది?' అని అడిగితే వాళ్లిచ్చిన జవాబుల్లో ఆ దిగజారుడు కనిపించలేదు. మొదటి కొద్దిరోజులు మగతగా ఉందన్నారు. ఆ తర్వాత అలవాటు పడిపోయామన్నట్టే చెప్పారు. పరీక్షల్లో తప్పులు పెరుగుతూనే ఉన్నాయి, తాము బాగానే ఉన్నామన్న నమ్మకం మాత్రం చెక్కుచెదరలేదు.

అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. కాలు బెణికితే నొప్పి చెబుతుంది, జ్వరం వస్తే థర్మామీటర్ చెబుతుంది. విచక్షణ తగ్గిందని మాత్రం చెప్పేవాళ్లు ఉండరు. దాన్ని కనిపెట్టాల్సింది కూడా ఆ విచక్షణే, అదేమో అప్పటికే తగ్గి ఉంది. 'నాకు 5 గంటల నిద్ర సరిపోతుంది' అని ధీమాగా చెప్పేవాళ్లలో చాలామంది అబద్ధమాడటం లేదు. వాళ్లకు నిజంగానే తేడా తెలియడం లేదు.

నిద్ర తగ్గితే తప్పుల సంఖ్య పెరగడమే కాదు, తప్పుల తీరు కూడా మారుతుంది. మెదడు స్కానింగ్‌తో చేసిన ప్రయోగాల్లో, నిద్రలేని మనిషి లాభం మీద ఆశ పెంచుకుని నష్టాన్ని తేలిగ్గా తీసుకుంటున్నట్టు కనిపించింది. 2007 నాటి ఒక అధ్యయనంలో, రాత్రంతా మేలుకున్నవారికి మనసును కలచివేసే చిత్రాలు చూపినప్పుడు అమిగ్డలా స్పందన సుమారు 60 శాతం ఎక్కువగా ఉంది. దాన్ని అదుపులో ఉంచాల్సిన ముందుభాగంతో దాని అనుసంధానం బలహీనపడింది. కాఫీ తాగితే సరిపోతుందనుకోవడం కూడా పొరపాటే. మెలకువగా ఉన్నంతసేపూ మెదడులో పేరుకునే అడెనొసిన్ అనే రసాయనం నిద్రమత్తు తెప్పిస్తుంది. కెఫీన్ దాన్ని తొలగించదు, దాని సంకేతం అందకుండా కాసేపు అడ్డుపడుతుందంతే. రెప్పలు వాలకుండా ఆపినంత తేలిగ్గా అది విచక్షణను వెనక్కి తీసుకురాలేదు.

దీని మూల్యం ఆసుపత్రుల్లో లెక్కకు అందింది. ఐసీయూల్లో పనిచేసే జూనియర్ డాక్టర్ల మీద 2004లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, 24 గంటలు దాటే డ్యూటీలు చేసినప్పుడు వాళ్ల చేతుల్లో జరిగిన తీవ్రమైన పొరపాట్లు, డ్యూటీ గంటలు తగ్గించినప్పటి కన్నా 36 శాతం ఎక్కువ. డాక్టర్లు మారలేదు, వాళ్ల చదువూ మారలేదు. మారింది డ్యూటీ గంటలు, వాటితోపాటు నిద్ర.

ఇదంతా చదివితే, మనసు ప్రశాంతంగా ఉండి భావోద్వేగాలేవీ అడ్డురాకుంటేనే మంచి నిర్ణయాలు వస్తాయని అనిపించవచ్చు. అది సగం మాత్రమే నిజం. భావోద్వేగాలు పూర్తిగా తప్పుకుంటే ఏమవుతుందో నాడీశాస్త్రవేత్త ఆంటోనియో డమాసియో రోగుల్లో కనిపించింది. మెదడు ముందుభాగంలో కింది వైపు దెబ్బతిన్న ఒక రోగిని ఆయన తర్వాతి అపాయింట్‌మెంట్‌కు ఎప్పుడొస్తావని అడిగారు. రెండు తేదీలు ఇచ్చి ఒకటి ఎంచుకోమన్నారు. ఆ మనిషి జేబులోంచి క్యాలెండర్ తీశాడు. ఆ రోజున్న వేరే పనులు, వాటికి ముందూ వెనకా ఉన్న పనులు, వాతావరణం ఎలా ఉండొచ్చు అంటూ ఒక్కో తేదీకి అనుకూలాలు, ప్రతికూలాలు వల్లె వేస్తూ దాదాపు అరగంట గడిపాడు. అతడు చెప్పినదాంట్లో తర్కం ఎక్కడా తప్పలేదు, తేల్చుకోవడం మాత్రం చేతకాలేదు. చివరికి డమాసియోనే రెండో తేదీన రమ్మంటే, 'సరే, అలాగే' అని క్యాలెండర్ జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు. ఇటువంటి రోగుల తెలివితేటలకు పరీక్షలు పెడితే మంచి మార్కులే వస్తాయి. బతుకులో మాత్రం ఉద్యోగాలు పోతాయి, వ్యాపారాలు మునుగుతాయి, సంసారాలు చెదిరిపోతాయి.

వాళ్లలో లోపించినదేమిటో కనిపెట్టడానికి డమాసియో బృందం ఒక పేకాట ప్రయోగం తయారుచేసింది. నాలుగు కట్టలుంటాయి. రెండు కట్టల్లో పెద్ద పెద్ద లాభాలు వస్తాయి, అప్పుడప్పుడూ అంతకన్నా పెద్ద నష్టాలు తగులుతాయి. మిగతా రెండింటిలో లాభాలు చిన్నవి, నష్టాలూ చిన్నవి, చివరికి మిగిలేది వాటిలోనే. ఆడేవారి చర్మం మీద చెమటను కొలిచే పరికరం పెట్టారు. ఆరోగ్యవంతులు ఓ పది ముక్కలు తీసేసరికే, చెడ్డ కట్ట వైపు చెయ్యి వెళ్లబోతుంటే వాళ్ల చర్మం స్పందించడం మొదలైంది. 'ఆ కట్ట బాగాలేదనిపిస్తోంది' అని నోటితో చెప్పగలిగింది 50వ ముక్క దగ్గర. ఎందుకో వివరించగలిగింది 80 దాటబోతుండగా. మెదడు దెబ్బతిన్నవారికి ఆ ముందస్తు చెమట పట్టలేదు. వారిలో కొందరు ఏ కట్టలు చెడ్డవో తెలిశాక కూడా వాటినే తీస్తూ పోయారు. ఆడేవారికి అసలు సంగతి పరిశోధకులు అనుకున్నదానికన్నా ముందే తెలిసి ఉండొచ్చని తర్వాత కొందరు వాదించారు. ఆ వాదనలో పస ఉంది. అయినా పెద్ద విషయం మారదు. అనుభవం మిగిల్చిన భయమో ఇష్టమో ఒంట్లో కదిలితేనే మనిషి ఒకదాన్ని వదిలి మరొకదాన్ని పట్టుకోగలుగుతాడు.

కాబట్టి మానసిక ఆరోగ్యం అంటే ఏ భావమూ కలగకపోవడం అనుకోకూడదు. కలిగిన భావం దేని గురించో తెలిసి ఉండటం, దాని పరిధి దాటి పాకకుండా చూసుకోవడం అందులో ముఖ్యమైన భాగం. ఎందుకంటే కోపమైనా దిగులైనా పుట్టిన చోటే ఉండిపోదు. ఆఫీసులో ఎవరి మీదో వచ్చిన కోపం, దానితో ఏ సంబంధమూ లేని నిర్ణయంలోకి దూరుతుంది. దీని మీద ఎక్కువగా పనిచేసినవారిలో జెన్నిఫర్ లెర్నర్ ఒకరు. భయం, కోపం రెండూ చెడ్డ భావాలే కదా, ఒకేలా పనిచేస్తాయనుకుంటాం. 2001లో ఆమె, డాకర్ కెల్ట్‌నర్ కలిసి చేసిన పరిశోధనలో అవి ఎదురెదురు దిక్కులకు లాగాయి. భయంలో ఉన్నవారికి ప్రతిదాంట్లో ప్రమాదం పెద్దదిగా కనిపించింది. కోపంలో ఉన్నవారికి చిన్నదిగా కనిపించింది. కోపిష్టి తాను ధైర్యంగా ఉన్నాననుకుంటాడు, నిజానికి అతడు ముప్పును తక్కువగా లెక్కగడుతున్నాడు. దుఃఖానిది మరో దారి. విషాద సన్నివేశం చూసి మనసు బరువెక్కినవారు ఒక ప్రయోగంలో తమ చేతిలోని వస్తువును తక్కువకే అమ్మేయడానికి, కొత్తదాన్ని ఎక్కువ పెట్టి కొనడానికి సిద్ధపడ్డారు. ఏదో ఒకటి మారితే బాగుండునన్న తపన ధరలోకి చేరిపోయింది. పెద్ద దుఃఖం తర్వాత ఇల్లు, ఊరు, ఉద్యోగం అన్నీ ఒక్కసారిగా మార్చేయాలనిపించడం వెనకా ఇలాంటి తపనే ఉండొచ్చు.

దీనికి విరుగుడు ఊహించినదానికన్నా సులువైనది. 2013లో యిప్, కోటే అనే పరిశోధకులు గమనించినదేమిటంటే, తమ ఆందోళనకు కారణం వేరే ఎక్కడో ఉందని గుర్తించగలిగినవారి నిర్ణయాలను ఆ ఆందోళన పెద్దగా కదిలించలేదు. 'నాకు ఇప్పుడు గుబులుగా ఉంది, అది రేపటి పరీక్ష గురించి, ఈ ఒప్పందం గురించి కాదు' అని మనసులో విడమరిచి చెప్పుకోవడమే చాలావరకు పనిచేస్తుంది. మెదడు స్కానింగ్‌లలోనూ ఇలాంటిదే కనిపించింది. కలిగిన భావానికి మాటల్లో పేరు పెట్టినప్పుడు అమిగ్డలా కాస్త నెమ్మదిస్తుంది. మనసులో ఏముందో చెప్పుకోవడం బలహీనత అనుకుంటూ పెరిగినవారికి, మగపిల్లలకు మరీ ముఖ్యంగా, ఈ సంగతి ఎవరైనా చిన్నప్పుడే చెప్పి ఉంటే ఎంత మేలు జరిగేదో.

ఒక పూట ఉండి పోయే ఒత్తిడి వేరు, నెలల తరబడి వదలనిది వేరు. మొదటిది ఒక్కోసారి మేలే చేస్తుంది, దృష్టిని ఒకచోట నిలుపుతుంది. రెండోదే మనిషిని అలవాటుకు బానిస చేస్తుంది. ఎలుకల మీద 2009లో చేసిన ప్రయోగంలో, వారాల తరబడి ఒత్తిడికి గురైనవాటి మెదడులో ఆలోచించి ఎంచుకోవడానికి పనికొచ్చే భాగాలు కుంచించుకుపోయాయి. అలవాటుగా చేసుకుపోయే పనులను నడిపే భాగం పెరిగింది. తిండి కోసం మీట నొక్కడం నేర్చుకున్న ఆ ఎలుకలు, ఆకలి తీరిపోయాక కూడా దాన్ని నొక్కుతూనే ఉన్నాయి. మనుషుల్లోనూ ఒత్తిడి వేళ పాత అలవాట్లే పైకి వస్తాయని ప్రయోగాల్లో తేలింది. పరీక్షల ముందు మానేసిన సిగరెట్ మళ్లీ చేతిలోకి రావడం, అప్పులవాళ్ల ఫోన్లు మోగుతుంటే మనిషి గంటల తరబడి రీల్స్ చూస్తూ కూర్చోవడం బయటివాళ్లకు బాధ్యత లేనితనంగా కనిపిస్తాయి. లోపల జరుగుతున్నది వేరు. కొత్త దారి వెతకాల్సిన భాగం సోలిపోయింది, పాత దారి తెలిసిన భాగం పగ్గాలు అందుకుంది. ఊరటనిచ్చే సంగతి ఏమిటంటే ఇది శాశ్వతం కాదు. పెద్ద పరీక్షకు సిద్ధమవుతూ తీవ్ర ఒత్తిడిలో ఉన్న వైద్య విద్యార్థుల్లో, దృష్టిని ఒకదాని మీంచి మరోదాని మీదికి మళ్లించే సామర్థ్యం తగ్గింది. పరీక్ష ముగిసి నెల రోజులు విశ్రాంతి దొరికాక అది మళ్లీ మామూలైంది.

డబ్బు కష్టం కూడా ఇలాగే పనిచేస్తుందనడానికి తమిళనాడు చెరకు రైతుల మీద చేసిన అధ్యయనం ఒక ఆధారం. 2013లో ప్రచురితమైంది. చెరకు రైతు చేతికి డబ్బు ఏడాదిలో ఒకసారి, కోత తర్వాత వస్తుంది. అదే రైతుకు కోతకు ముందు చేతిలో ఏమీ లేనప్పుడు, కోత తర్వాత చేయి ఆడుతున్నప్పుడు ఒకేరకం పరీక్షలు పెట్టారు. కోతకు ముందు ఫలితాలు స్పష్టంగా తక్కువగా వచ్చాయి. ఇటువంటి తర్వాతి ప్రయోగాల్లో అన్నిటిలోనూ ఒకే ఫలితం రాలేదు కాబట్టి దీన్ని సూత్రంగా చెప్పకూడదు. అయినా 'బీదవాళ్లు తప్పుడు నిర్ణయాలు తీసుకుంటారు, అందుకే బీదవాళ్లుగా ఉండిపోతారు' అనే మాటను తిరగేసి చూడటానికి ఇది చాలు. ఈ నెల అద్దె, పిల్లల ఫీజు, వాయిదా కట్టాల్సిన అప్పు ఒకేసారి తలలో తిరుగుతున్న మనిషికి, వచ్చే ఐదేళ్ల గురించి ఆలోచించేందుకు తలలో చోటు మిగలదు. చోటు లేకపోవడాన్ని తెలివి లేకపోవడంగా చూడటం అన్యాయం.

ఆకలి, సంకల్పబలం గురించి ప్రచారంలో ఉన్న కొన్ని మాటలను మాత్రం జాగ్రత్తగా తీసుకోవాలి. భోజన విరామం తర్వాత జడ్జీలు ఖైదీలకు ఎక్కువగా పెరోల్ ఇస్తారని, విరామానికి ముందు దాదాపు ఎవరికీ ఇవ్వరని 2011లో వచ్చిన ఒక అధ్యయనం విపరీతంగా ప్రచారమైంది. కేసులు బెంచి ముందుకు వచ్చే వరుసే యాదృచ్ఛికం కాదని, ఆకలితో పని లేకుండానే ఆ తేడా రావచ్చని తర్వాత విమర్శలు వచ్చాయి. సంకల్పబలం వాడేకొద్దీ కరిగిపోయే నిల్వ లాంటిదన్న సిద్ధాంతమూ అంతే. 2016లో 23 ప్రయోగశాలలు కలిసి పరీక్షిస్తే దాని ప్రభావం దాదాపు సున్నా అని తేలింది. ఈ రెండూ లేకపోయినా అసలు వాదనకు లోటు లేదు, నిద్ర, ఒత్తిడి మీద ఉన్న ఆధారాలే సరిపోతాయి.

మరి చేయగలిగిందేమిటి? వ్యాయామం, నిద్ర, తిండి, స్నేహాలు అన్న జాబితా అందరికీ కంఠతా వచ్చు. అందులో ఒక్క మాట చెప్పుకోవాలి. 2011లో ప్రచురించిన అధ్యయనంలో 120 మంది వృద్ధులు పాల్గొన్నారు. వారిలో వారానికి మూడు రోజులు 40 నిమిషాల చొప్పున ఏడాది పాటు నడిచినవారి మెదడులో జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోక్యాంపస్ 2 శాతం పెరిగింది. వయసుతో తగ్గాల్సిన భాగం అది. అంతకన్నా తక్షణం పనికొచ్చేది, నిర్ణయానికి వేళ కుదుర్చుకోవడం. వెనక్కి తీసుకోలేని వాటిని రాత్రి పొద్దుపోయాక, గొడవ జరిగిన గంటలో, జ్వరంలో, ప్రయాణపు బడలికలో తేల్చకూడదు. మత్తు అలవాట్ల నుంచి బయటపడుతున్నవారికి ఇచ్చే సలహా ఒకటుంది. మనసు లాగుతున్నప్పుడు ముందు నాలుగు సంగతులు చూసుకోమంటారు: ఆకలి, కోపం, ఒంటరితనం, అలసట. ఆ నాలుగూ ఎవరికైనా వర్తిస్తాయి. ఇప్పుడే చెప్పాలని, ఈ రాత్రితో ఆఫర్ అయిపోతుందని తొందరపెట్టే అవతలి మనిషికి కూడా ఈ సంగతి తెలుసు. ఆన్‌లైన్‌లో కొన్న చాలా వస్తువులకు 14 రోజుల్లోగా కారణం చెప్పకుండానే కొనుగోలు రద్దు చేసుకునే హక్కును యూరోపియన్ యూనియన్ చట్టంలోనే పెట్టింది. ఆవేశంలో కొన్న మనిషికి, కుదుటపడ్డాక తిరిగి ఆలోచించుకునే వ్యవధి అది.

వేళ కుదుర్చుకుంటే సరిపోని స్థితి ఒకటుంది. డిప్రెషన్‌ను గుర్తించేందుకు వైద్యులు చూసే లక్షణాల్లో, ఏ విషయమూ తేల్చుకోలేకపోవడం కూడా ఉంది. ఏ చొక్కా వేసుకోవాలన్నది కూడా పెద్ద భారమవుతుంది. దానితోపాటు, ఇక ఏదీ బాగుపడదన్న నమ్మకం నిజంలాగే కనిపిస్తుంది. ఆ నమ్మకం మీద ఆధారపడి ఉద్యోగం వదిలేయడం, పెళ్లి రద్దు చేసుకోవడం, చదువు ఆపేయడం వంటివి తేల్చేయొద్దని, కోలుకునేదాకా వాయిదా వేయమని వైద్యులు తరచుగా సలహా ఇస్తారు. వాయిదా వేయకూడనిది ఒక్కటే, డాక్టర్ దగ్గరికి వెళ్లడం. ఆ స్థితిలో ఉన్న మనిషికి ఈ నిర్ణయం కూడా అందనంత ఎత్తులో ఉంటుంది. 'వెళ్లొచ్చు కదా' అని సలహా ఇచ్చి ఊరుకుంటే సగంలో వదిలేసినట్టే. అపాయింట్‌మెంట్ తీసుకుని, ఫలానా రోజు ఫలానా గంటకు వస్తానని చెప్పి, వెంట తీసుకెళ్లడం పక్కనున్నవాళ్లు చేయాల్సిన పని.